సర్వీసుకు ‘బ్రేక్’ వేయు అధికారమెవరిది?

ఆంగ్లములో ‘బ్రేక్’ అని పలుకబడు మాటలు రెండున్నవి. ఒకటి బండిని ఆపునది, రెండవది వస్తువును విరుచునది. ఆంగ్లములో వాటి వర్ణక్రమము వేరు. తెలుగు లిపిలో రెండింటికి ఒకే రూపము. హౌరా యార్డులోని మన సోదరుడు గాని, ఆర్.ఎం.ఎస్. సార్టరు గాని రెండింటిని ఒకే తీరున పలికి, సందర్భమును బట్టి అర్థము గ్రహించుచున్నాడు. ఇందువలన ఏ బండియు ఆలస్యము కాలేదు, ఏ ఉత్తరమును దారి తప్పలేదు. చిక్కంతయు మూడవ ‘బ్రేక్’తో వచ్చినది. అది చక్రములకు చెందినది కాదు, సంచి ముద్రలకు చెందినది కాదు. కార్యాలయపు బల్లపై పుట్టి, ఉద్యోగి సర్వీసు పుస్తకములోనికి చేరునది. దానినే ‘బ్రేక్ ఇన్ సర్వీస్’ అందురు.

మొదట ఈ మాట మన బ్రతుకులో చేయు మంచి పనిని ఒప్పుకొందము. గూడ్సు బండి చివర గార్డు కూర్చుండు పెట్టె బ్రేక్ వ్యాను. (2022లో గార్డు పేరును ట్రైన్ మేనేజరుగా మార్చిరి, వ్యాను పేరు మార్చలేదు, అందలి కుదుపును మార్చలేదు.) ప్రమాదస్థలమునకు పరుగెత్తునది బ్రేక్‌డౌన్ బండి. 500 కిలోమీటర్లకు మించిన టికెట్టుపై పోవు ప్రయాణికుడు దారిలో దిగి, ఒకటి రెండు దినములు ఆగి, అదే టికెట్టుతో ముందుకు పోవచ్చును. అది బ్రేక్ జర్నీ. హౌరాలో ఎక్కి విశాఖపట్నము పోవువాడు బరంపురములో దిగి బంధువులను చూచి మరల ఎక్కినచో, ‘నీవు హౌరా నుండి ఇంతవరకు చేసిన ప్రయాణము లేనట్లే’ అని ఏ టికెట్ కలెక్టరును అనడు. అనినచో ప్రయాణికుడు ఊరకుండడు. ఇరువది యేండ్లు పనిచేసి, ఒక్క దినము తన సంఘము పిలుపును మన్నించిన ఉద్యోగితో మాత్రము ఆ మాటయే అనుచున్నారు!

ఫండమెంటల్ రూల్సులోని 17-ఏ చూడుడు. చట్టవిరుద్ధమని ప్రకటింపబడిన సమ్మెలో గైర్హాజరైన కాలము, అధికారి వేరుగా నిర్ణయింపనిచో, సర్వీసులో అంతరాయముగా ఎంచబడును. దాని దెబ్బ ప్రయాణ రాయితీపైన, శాఖా పరీక్షల అర్హతపైన పడును. అంతటితో ఆగిన కొంత నయమే. పోస్టల్ ఉద్యోగులకు వర్తించిన 1972 నాటి పింఛను నియమములలో 28వది ఇంకను విడ్డూరమైనది. రెండు సర్వీసు కాలముల నడుమ ఏ కారణముచేతనైన ఏర్పడిన విరామము, పుస్తకములో వ్యతిరేకముగా వ్రాయనిచో, దానంతటదే మన్నింపబడునట. ఎవరికి ఈ మన్నింపు లేదు? రాజీనామా ఇచ్చినవానికి, బర్తరఫైనవానికి, సమ్మె చేసినవానికి. నేరము ఋజువై ఇంటికి పంపబడినవాడును, జీతము పెంచుమని ఒక పూట నిలబడినవాడును ఒకే పంక్తిలో!

పనిచేయని దినమునకు జీతము లేదందురు. సరే, ఆ నష్టమును తెలిసియే సమ్మె చేయుచున్నాము. తపాలా శాఖలో ‘డైస్ నాన్’ అను లాటిన్ మాట ఒకటి కలదు. దినము కాని దినమని అర్థము. ఆ దినము సర్వీసులో చేరదు, సర్వీసును విరువదు. లాటిను తెలిసినవారికి ఈపాటి ధర్మము తోచినది గదా, మరి అంతటితో ఎందుకు తృప్తిపడరు? ఒక్క దినపు లోపమునకు ఒక్క దినపు జీతము కోత న్యాయము. గడచిన యేండ్ల కోత పగ.

1974 మే 8 నుండి 27 వరకు దేశమంతట రైల్వే కార్మికులు చేసిన సమ్మెను పెద్దలు మరువలేదు. నాడు వాల్తేరు డివిజన్ కలకత్తాలోని గార్డెన్ రీచ్ ప్రధాన కార్యాలయము క్రిందనే ఉండెను. 2003లో తూర్పు కోస్తా రైల్వేకు పోయెను. సమ్మె చేసినవారిలో వేలమంది జైళ్లపాలైరి, వేలమంది ఉద్యోగములు కోల్పోయిరి. మిగిలినవారి పుస్తకములలో ఈ ‘బ్రేక్’ పడినది. 1977లో ప్రభుత్వము మారి, మధు దండవతే రైల్వే మంత్రి అయిన పిమ్మట బర్తరఫులు రద్దయినవి, విరిగిన సర్వీసు అతికినది. మేము అడుగునది ఇది: ఒక ఉత్తర్వుతో విరిగి, మరియొక ఉత్తర్వుతో అతుకు వస్తువు నిజముగా ఎన్నడైన విరిగినదా? పట్టా విరిగిన గ్యాంగ్‌మన్‌కు తెలియును; కాగితముపై వ్రాసినంత మాత్రమున అది అతుకదు.

సమ్మెకు దూరముగా ఉన్నవారికైనను ఈ మాట బారి తప్పలేదు. ఓపెన్ లైనులో ఎడతెగకుండ 120 దినములు పనిచేసిన క్యాజువల్ కార్మికునికి తాత్కాలిక హోదా ఇవ్వవలెనని నియమము. ఆ గడువు నిండుటకు ముందు ‘రేపటినుండి రావద్దు’ అని, పదిదినములైన పిదప మరల పిలుచు విద్య అనేక చోట్ల వర్ధిల్లినది. దానికి ‘కృత్రిమ బ్రేక్’ అని పేరు. ప్రాజెక్టు పనులలోనివారికి ఆ హోదాయు లేదు. 1985లో ఇందర్‌పాల్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు కలుగజేసికొన్న తర్వాతనే వారికి త్రోవ ఏర్పడినది. నేడు కాంట్రాక్టరు మారినప్పుడెల్ల పారిశుద్ధ్య కార్మికుడు క్రొత్తవాడగుచున్నాడు. చీపురు మాత్రము పాతదే.

కోల్‌కతాలో ఉండి ఈ మాటలు వ్రాయునప్పుడు 1946 గుర్తుకు రాక మానదు. ఆ యేడు జూలై 11న తపాలా ఉద్యోగులు సమ్మె ప్రారంభించిరి. జూలై 29న వారికి తోడుగా కలకత్తా నగరమంతయు పని నిలిపివేసినది. ఆ దినమును ఈ నగరపు పుస్తకములో అంతరాయముగా వ్రాయగలవాడెవడు? సరిగా పదునెనిమిది దినములకు, ఆగస్టు 16న, అదే నగరము మతకలహములలో చీలిపోయెను. విరుగుట యనగా అది!

ఇంజనీరు బండికి అమర్చిన బ్రేకును చూడుడు. నడుమ కప్లింగు తెగి బండి రెండైనచో, గొట్టములోని గాలి పోయి రెండు భాగములకును బ్రేకులు వాటంతటవే పడును. ఎవరును దొర్లిపోకుండుటకే ఆ ఏర్పాటు. ఎస్టాబ్లిష్‌మెంటు విభాగము వ్రాసిన బ్రేక్ తీరు వేరు. తెగిన చోటికి వెనుకనున్న పెట్టెలను లెక్కనుండియే తీసివేయును.

2025 ఏప్రిల్ 1 నుండి వచ్చిన ఏకీకృత పింఛను పథకములో చివరి పన్నెండు మాసముల సగటు మూలవేతనములో సగము పొందుటకు 25 యేండ్ల అర్హ సర్వీసు కావలెను. యేండ్ల లెక్క ఇంత ముఖ్యమైనప్పుడు, యేండ్లను తుడిచివేయు మాట అధికారి కలములో ఉండరాదు. సమ్మెను 17-ఏ నుండి తొలగింపవలెను. పింఛను లెక్కలో సమ్మెకారుని బర్తరఫైనవానితో జతచేయరాదు. మధ్యంతర విరామములు కల్పించి క్యాజువల్, కాంట్రాక్టు దినములను ఎగవేయుట నిలుపవలెను.

ఈలోగా సభ్యులు చేయవలసిన పని యొకటి కలదు. సర్వీసు పుస్తకమును ప్రతి యేడు ఉద్యోగికి చూపి సంతకము తీసికొనవలెనని నియమమున్నది. అడిగి చూడుడు, చదువక సంతకము చేయవలదు. 17-ఏ క్రింద ఉత్తర్వు ఇచ్చుటకు ముందు ఉద్యోగి చెప్పుకొనుటకు అవకాశమీయవలెనని ప్రభుత్వ ఆదేశములే చెప్పుచున్నవి. అట్టి నోటీసు అందిన దినముననే ఒక ప్రతిని బ్రాంచి కార్యదర్శికి అందజేసి, గడువులోగా వ్రాతమూలకముగా జవాబిచ్చి, రసీదు దాచుకొనుడు.