కొలబద్దా? దారమా?

పిల్లలూ! విజయవాడ స్టేషనులో ఇద్దరు స్నేహితులు చెరొక రైలు ఎక్కారనుకోండి. ఒకడు విశాఖపట్నం పోతున్నాడు. రెండోవాడు కాజీపేట మీదుగా సికింద్రాబాదు పోతున్నాడు. ఇద్దరిలో ఎవరి ప్రయాణం ఎక్కువ దూరం? వాళ్ళ టిక్కెట్లు చూడకుండా, అట్లాసు మాత్రమే చూచి చెప్పాలి.

అట్లాసులో పటం అడుగున 1 : 50,00,000 అని వ్రాసి ఉన్నదనుకుందాం. దీనినే పటం స్కేలు అంటారు. పటం మీద 1 సెంటీమీటరు ఉన్నది నేల మీద 50 లక్షల సెంటీమీటర్లు అని దీని అర్థం. మీటరుకు 100 సెంటీమీటర్లు, కిలోమీటరుకు 1000 మీటర్లు గదా! కాబట్టి లక్ష సెంటీమీటర్లయితే ఒక కిలోమీటరు. ఆ లెక్కన ఈ పటంలో 1 సెంటీమీటరుకు 50 కిలోమీటర్లన్నమాట.

ఇక కొలబద్ద పెట్టి చూడండి. విజయవాడ చుక్క నుంచి విశాఖపట్నం చుక్కకు సుమారు 6 సెంటీమీటర్లు. 6ను 50తో హెచ్చిస్తే 300 కిలోమీటర్లు. సికింద్రాబాదుకు సుమారు 5 సెంటీమీటర్లు, అంటే 250 కిలోమీటర్లు. "విశాఖపట్నం పోయేవాడిదే ఎక్కువ దూరం!" అంటారు మీరు.

కాని రైలులో పోతే రెండూ ఇంచుమించు 350 కిలోమీటర్లే! మరి పటం అబద్ధం చెప్పిందా? లేదు. మనం అడిగిన దానికే అది జవాబు చెప్పింది. కొలబద్ద తిన్ననిది, ఆకాశంలో సూటిగా ఎగిరిపోతే ఎంత దూరమో అదే చెబుతుంది. రైలు పట్టాల వెంట పోవాలి. విశాఖపట్నం లైను ఏలూరు, రాజమండ్రి, తుని వంటి ఊళ్ళను కలుపుకుంటూ పోతుంది. సికింద్రాబాదు లైను ముందు ఖమ్మం, వరంగల్లు మీదుగా ఎగువకు పోయి, కాజీపేట దగ్గర నైరుతి వైపుకు తిరుగుతుంది. ఆ చుట్టు వల్లనే 100 కిలోమీటర్లు పెరిగింది.

వంకర దారిని కొలవడానికి ఒక నూలుదారం చాలు. దాని కొసను విజయవాడ చుక్క మీద వేలితో అదిమిపెట్టండి. రైలుమార్గం గీత ఎటు తిరిగితే దారాన్ని అటు తిప్పుతూ సికింద్రాబాదు దాకా పరవండి. అక్కడ దారం మీద సిరాతో గుర్తుపెట్టి, తిన్నగా లాగి కొలబద్ద మీద కొలవండి. 7 సెంటీమీటర్లకు కాస్త తక్కువగా వస్తుంది. తక్కువ ఎందుకంటే, ఇంత చిన్న పటంలో పట్టాల చిన్న చిన్న మలుపులు గీయడానికి చోటు ఉండదు. పటం పెద్దదైతే మలుపులూ కనిపిస్తాయి. భారత సర్వే శాఖ వేసే 1 : 50,000 పటాలలో కిలోమీటరుకు 2 సెంటీమీటర్లు ఉంటాయి. ఆ స్కేలులో విజయవాడ నుంచి సికింద్రాబాదుకు సూటిగా కొలవాలంటే 5 మీటర్ల పొడుగు కాగితం కావాలి!

మరొక్క జాగ్రత్త. పటాన్ని చిన్నదిగా చేసి మరో పుస్తకంలో అచ్చువేస్తే, దాని మీద వ్రాసిన అంకె మారదు. కాని లెక్క తప్పిపోతుంది. అందుకే చాలా పటాలలో అంకెతోపాటు, కిలోమీటర్లు గుర్తుపెట్టిన గీత ఒకటి గీస్తారు. పటం ఎంత తగ్గితే ఆ గీతా అంతే తగ్గుతుంది. అలాంటప్పుడు అంకెను నమ్మకండి. దారాన్ని ఆ గీత పక్కన పెట్టి చూసుకోండి.

ఈసారి మీరు ఏ ఊరికైనా రైలులో పోయేటప్పుడు, బయలుదేరేముందు దారంతో దూరం కొలిచి కాగితం మీద వ్రాసుకోండి. తరువాత మీ నాన్నగారినడిగి టిక్కెట్టు మీద వేసిన కిలోమీటర్లతో పోల్చి చూడండి. రెండింటికీ ఎంత తేడా వచ్చింది? ఆ తేడా అంతా దారిలో ఏ మలుపుల దగ్గర దాగి ఉన్నదో, కిటికీ పక్కన కూర్చుని మీరే కనిపెట్టవచ్చు.