పనికిరాడన్న పదహారేళ్ళ కుర్రాడు
(ఆట – అంటు – మెరిట్: 7వ భాగం)



పోయిన భాగం చదివి ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, చదువులో రిజర్వేషన్ సరే. ఆటలో కులమేముంది? బంతికి కులం తెలుస్తుందా? సత్తా ఉన్నోడు ఎక్కడున్నా పైకొస్తాడు కదా?"

అడిగింది మనోడే. కాలేజీలో ఈ మాట విని విని వాడి నోటికీ అదే వచ్చింది. వాడి మీద నాకు కోపం లేదు, ఆ మాట మీద ఉంది. అందుకే ఈసారి మన కులాల గొడవే తెలియని ఒక ఊరి కథతో జవాబు చెబుతా.

ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ దగ్గర స్టాక్స్‌బ్రిడ్జ్ అని ఉక్కు ఊరు ఒకటి ఉంది. గొడుగు చువ్వలతో పేరు తెచ్చుకున్న శామ్యూల్ ఫాక్స్ అక్కడే మిల్లు పెట్టాడు. అది పెరిగి ఉక్కు కర్మాగారమైంది. ఆ కర్మాగారం జట్టు పేరు స్టాక్స్‌బ్రిడ్జ్ వర్క్స్. 1986లో అది ఆక్స్లీ పార్క్ అనే ఇంకో చిన్న జట్టుతో కలిసి స్టాక్స్‌బ్రిడ్జ్ పార్క్ స్టీల్స్ అయింది. క్లబ్బు పేరులోనే ఉక్కు ఉంది. వాళ్ళ మైదానం బ్రాకెన్ మూర్.

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో పై నాలుగు అంతస్తుల్లో 92 క్లబ్బులుంటాయి. వాటి కింద ఉన్నదంతా నాన్‌లీగ్. టీవీ అరుదు, డబ్బు తక్కువ. చాలామంది ఆటగాళ్ళు పగలు పని చేసుకుని సాయంత్రం ఆడతారు. కానీ మెట్లున్నాయి. గెలిస్తే ఎక్కుతావు, ఓడితే దిగుతావు. చాలా క్లబ్బులకు పెద్దల జట్టు కింద రిజర్వ్ జట్టు, దాని కింద కుర్రాళ్ళ జట్లు ఉంటాయి. వాటిని నడిపేది ఎక్కువగా జీతం లేని మనుషులే.

పెద్ద క్లబ్బుల లెక్క వేరు. వాళ్ళ అకాడమీలు తొమ్మిదేళ్ళ లోపు పిల్లల నుంచే ఏరుకోవడం మొదలుపెడతాయి. ఆ తర్వాత జల్లెడ పడుతూనే ఉంటారు. అలా షెఫీల్డ్ వెన్స్‌డే క్లబ్బు 16 ఏళ్ళ ఒక కుర్రాణ్ణి వదిలేసింది. చిన్నగా ఉన్నాడు, పనికిరాడు అంది. వాడి పేరు జేమీ వార్డీ.

వదిలేసిన కుర్రాడు స్టాక్స్‌బ్రిడ్జ్ కుర్రాళ్ళ జట్టులో చేరాడు. అక్కణ్ణుంచి రిజర్వ్ జట్టుకు, 2007లో పెద్దల జట్టుకు ఎదిగాడు. వారానికి 30 పౌండ్లు. వైద్యానికి వాడే స్ప్లింట్లు తయారుచేసే ఫ్యాక్టరీలో పని. 2010లో హాలిఫాక్స్, 2011లో ఫ్లీట్‌వుడ్, 2012లో పది లక్షల పౌండ్లకు లెస్టర్ సిటీ. 2015లో వరుసగా 11 ప్రీమియర్ లీగ్ మ్యాచుల్లో గోల్ కొట్టాడు. 2016లో లెస్టర్ దేశ ఛాంపియన్ అయింది. 2019–20 సీజన్‌లో, 33 ఏళ్ళ వయసులో, 23 గోల్స్‌తో అందరికంటే పైన నిలిచాడు.

"చూశావా అన్నా, సత్తా ఉంటే పైకొచ్చాడు" అంటావు. ఆగు తమ్ముడూ. కథ తిరగేసి చదువు.

దేశంలో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టబోయే కాళ్ళు ఎదురుగా ఉంటే, ఆ పని మీదే జీతం తీసుకునే నిపుణులు గుర్తుపట్టలేకపోయారు. మెరిట్ కొలిచే త్రాసు తప్పింది. వాణ్ణి నిలబెట్టింది వాడి పట్టుదల ఒక్కటే కాదు. వదిలేసిన రోజున వెళ్ళడానికి ఒక మైదానం ఉంది. అందులో వాడి వయసుకు ఒక జట్టు ఉంది. ఆ జట్టు పైన ఇంకో జట్టు ఉంది. ఉక్కు కార్మికులు తమ కోసం కట్టుకున్న ఆట వాళ్ళ తర్వాతి తరాలకు నిచ్చెనైంది. ఆ నిచ్చెన తీసేసి చూడు. స్ప్లింట్ల ఫ్యాక్టరీలో ఒక కూలీ మిగులుతాడు. వాడిలో ఇంత ఆట ఉందని ఎవరికీ, చివరికి వాడికి కూడా, తెలిసేది కాదు.

ఆ నిచ్చెన అందరినీ ఒకేలా మోస్తుందా? మోయదు. వాల్టర్ టల్ తాత బార్బడోస్‌లో బానిస. తండ్రి వడ్రంగి. తల్లీ తండ్రీ పోయాక వాల్టర్ తూర్పు లండన్ అనాథాశ్రమంలో పెరిగాడు. ఆట నేర్చింది ఆ ఆశ్రమం జట్టులోనే. 1908లో క్లాప్టన్ అనే అమెచ్యూర్ క్లబ్బులో చేరాడు. ఆ సీజన్‌లోనే క్లాప్టన్ అమెచ్యూర్ కప్పు గెలిచింది. 1909లో టాటెన్‌హామ్ పిలిచి తీసుకుంది. అదే ఏడాది బ్రిస్టల్‌లో ప్రేక్షకులు అతని రంగు పేరుతో బూతులు తిట్టారు. ఆ తర్వాత కొద్దికాలానికే టల్‌ను రిజర్వ్ జట్టులోకి దించేశారు. తిట్టిన జనం గ్యాలరీలోనే ఉన్నారు, తిట్లు తిన్నవాడు దిగిపోయాడు. ఇది మనకు తెలియని కథా?

వార్డీనీ నేను దేవుణ్ణి చేయను. 2015లో ఒక క్యాసినోలో ఆసియా మనిషిని జాతి పేరుతో దూషించి, క్షమాపణ చెప్పి, జరిమానా కట్టాడు. కింద నుంచి వచ్చినవాడు తన కిందివాణ్ణి తొక్కడని గ్యారంటీ లేదు. మనకు కావలసింది హీరోలు కాదు, నిచ్చెనలు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. పల్వంకర్ బాలూ చమార్ బిడ్డ. పూనాలో తెల్లవాళ్ళ క్లబ్బులో మైదానం పనివాడు. తెల్లదొరలకు బ్యాటింగ్ సాధనకు బంతులేసేవాడు కావాలి కాబట్టి అతని చేతికి బంతి దొరికింది. పూనా హిందువులకు గెలుపు కావాలి కాబట్టి జట్టులోకి పిలిచారు. మైదానంలో అతను వేసిన బంతిని అందరూ పట్టుకున్నారు. టీ విరామంలో మాత్రం అతనికి పెవిలియన్ బయట, మట్టి ముంతలో టీ. 1911లో ఇంగ్లండ్ పర్యటనలో 114 వికెట్లు తీశాడు. అయినా హిందూ జట్టుకు కెప్టెన్‌ను చేయలేదు. ఆ కుర్చీ 1923లో తమ్ముడు విఠల్‌కు గానీ దక్కలేదు. బంతికి కులం తెలియదు తమ్ముడూ. బంతిని ఎవరి చేతికివ్వాలో తేల్చేవాడికి తెలుసు.

నిచ్చెన వేస్తే ఏమవుతుందో మన కళ్ళ ముందే చూశాం. 2014 మే 25న సంక్షేమ గురుకుల విద్యార్థులిద్దరు ఎవరెస్ట్ ఎక్కారు. పదమూడేళ్ళ లంబాడీ పిల్ల మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా దళిత కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్. అంతకుముందు వాళ్ళను భువనగిరి గుట్ట ఎక్కించారు, డార్జిలింగ్ పంపించారు. కాళ్ళు ఎప్పుడూ ఉన్నవే. గుట్ట దాకా తీసుకెళ్ళే చెయ్యి కొత్తగా వచ్చింది.

ఇక మనల్ని మనం అడుగుదాం. ఏప్రిల్ 14 వస్తే ఎన్ని వాడల్లో టోర్నమెంట్లు పెడతాం! ఫ్లెక్సీలు, మైకు, కప్పు, మొదటి బహుమతి. ఆడేది ఎవరు? పాతికేళ్ళ అన్నలు. పదేళ్ళ పిల్లలు ఏం చేస్తారు? బౌండరీ బయట బంతి ఏరుకొస్తారు. 15వ తారీఖున వికెట్లు పీకేస్తాం. మళ్ళీ ఏడాదికి గానీ గుర్తురాదు. సంఘం పేరులో 'యువజన' అని రాసుకున్నాం. ఆ సంఘానికి పన్నెండేళ్ళ లోపు జట్టు ఉందా? ఆడపిల్లల జట్టు ఉందా? మన పిల్లలను గట్టు మీద నిలబెట్టింది ఊరే కాదు. మనమూ నిలబెట్టాం. ఈ మాట చేదుగానే ఉంటుంది. మింగాలి.

ఊరి పెద్దలకూ ఒక మాట. స్కూలు మైదానం ఊళ్ళో ఉంటుంది. సాయంత్రమైతే అందులో ఎవరు ఆడతారో, మన పిల్లలు చెరువు గర్భంలో ఎందుకు ఆడుకుంటారో మీకు తెలుసు. ఆ మైదానం ప్రభుత్వానిది. మాదీ కూడా.

కాబట్టి విద్యార్థి మిత్రులారా, ఈ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మూడు పనులు చేయండి.

ఒకటి: మీ వాడకు ఆట స్థలం ఏ సర్వే నంబరులో ఉందో, అసలు ఉందో లేదో, సమాచార హక్కు కింద పంచాయతీని రాసి అడగండి. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో కొట్లాడి ఉపప్రణాళిక చట్టం తెచ్చుకున్నాం. ఆ నిధుల్లో మన పిల్లల ఆటకు ఎంత ఖర్చయిందో లెక్క అడగండి.

రెండు: ఈ జయంతి కప్పు డబ్బులో సగం తీసి పిల్లల జట్టుకు బంతులూ బూట్లూ కొనండి. కబడ్డీ అయినా సరే, ఫుట్‌బాల్ అయినా సరే. వారానికి రెండు సాయంత్రాలు ఒక అన్న, ఒక అక్క నిలబడాలి. ఏడాది పొడుగునా.

మూడు: ఆ జట్టులో నుంచి ఎవరినీ "పనికిరాడు" అని పంపించకండి. ఆ పని చేయడానికి బయట చాలామంది ఉన్నారు.

సత్తా ఉన్నోడు పైకొస్తాడు కదా అని అడిగిన తమ్ముడికి నా జవాబు ఇదే: వస్తాడు, మెట్లుంటే. మనకు మెట్లు ఎవరూ కట్టిపెట్టలేదు. స్టాక్స్‌బ్రిడ్జ్ ఉక్కు కార్మికులకూ దేవుడేమీ కట్టివ్వలేదు. వాళ్ళ ఆట వాళ్ళు కట్టుకున్నారు. మనదీ మనం కడదాం.

వచ్చే భాగంలో ఆడపిల్లల ఆట గురించి.

జై భీమ్.