గృహిణి లెక్కలు: కారు సర్వీసు

కారు సంగతి పురుషులే చూచుకొందురని మనలో పెక్కుమంది యూరకుందురు. మేమును అట్లే యుంటిమి. కాని ఆ వ్యయమును బడిపంతులుగారి జీతమునుండియే రావలెను గదా!

నిరుడు సర్వీసునకై రెండుచోట్ల ధర లడిగితిమి. కంపెనీ వర్కుషాపువారు 7,200 రూపాయలనిరి. వీధిచివరి మెకానిక్కు 4,500 అనెను. చవుకయని సంతసించి బండిని అతనికే యిచ్చితిమి. నెల తిరుగకమునుపే, పిల్లలతో వచ్చుచుండగా బ్రేకు సరిగా పట్టక గోడకు తగులబోయి తప్పించుకొంటిమి. ఇంటికి వచ్చి చీటి చూడగా బ్రేకుల పని యందు లేనేలేదు! తప్పు అతనిది గాదు. మేము మొత్తములను పోల్చితిమి గాని పనులను పోల్చలేదు. బియ్యము కొనునపుడు కొలత చూడక ధర మాత్రమే చూతుమా?

ఇప్పుడు కూలి, విడిభాగములు, నూనె, పన్ను వేర్వేరుగా వ్రాయించుకొనుచున్నాము. ఇంజనునకు ఎంత నూనె పట్టునో బండితో వచ్చిన పుస్తకములో నుండును, బిల్లుతో సరిచూడవలెను. విడిభాగములపై 28 శాతముగా నున్న పన్ను 2025 సెప్టెంబరు 22 నుండి 18 శాతమైనది. పాతలెక్క వేసిరేమో గమనింపవలెను. మార్చిన పాతభాగములను చూపుమని యడుగవలెను.

ఈయేడు బ్రేకుల పనియు చేర్చి యడుగగా అదే మెకానిక్కు 6,100 అనెను. కంపెనీవారి ధర మారలేదు. నిజమైన భేదము 1,100 రూపాయలే. పని తగ్గించి మిగుల్చుకొన్నది పొదుపు గాదమ్మా!