"నాకు రాదు" అనే ముందు

మా హాస్టల్లో ఒక గిటార్ ఉంది. నా దగ్గరికి వచ్చేసరికే దానికి ముగ్గురు ఓనర్లు మారారు. మొదటి అన్న కొత్తది కొని, రెండు నెలలు కుస్తీ పట్టి, జూనియర్‌కి అమ్మేశాడు. ఆ జూనియర్ సెమ్ ఎగ్జామ్స్ వంకతో దాన్ని కప్‌బోర్డ్ మీద పడేశాడు. మూడో ఆయన దగ్గర నేను 2,000కి కొన్నాను. ముగ్గురిదీ ఒకటే మాట: "మనకి సంగీతం రాదు తమ్ముడూ."

నేను నాలుగోవాణ్ణి అయ్యేవాణ్ణే.

యూట్యూబ్ చూసి మొదలుపెట్టాను. జి, సి, డి, ఈ మైనర్. ఈ నాలుగు కార్డ్స్ వస్తే బోలెడన్ని సినిమా పాటలు లాగించెయ్యొచ్చని అందరూ అంటారు కదా. వేళ్ల చివర్లు మండాయి. చర్మం గట్టిపడేదాకా మామూలేనన్నారు, ఓర్చుకున్నాను. ఎఫ్ కార్డ్ దగ్గర మాత్రం బండి ఆగిపోయింది. చూపుడు వేలు అడ్డంగా పెట్టి మొదటి ఫ్రెట్‌లో ఆరు తీగల్నీ ఒకేసారి నొక్కాలి. నెలన్నర నొక్కాను. వచ్చింది టక్ టక్ అనే చప్పుడు మాత్రమే. మా రూమ్‌మేట్ హెడ్‌ఫోన్స్ కొనుక్కున్నాడు. అమ్మ ఫోన్ చేసి "ఏదైనా పాట వాయించరా" అంటే "సిగ్నల్ సరిగ్గా లేదమ్మా" అని కట్ చేసేవాణ్ణి.

ఒకరోజు తీగ తెగింది. కాకినాడ మెయిన్ రోడ్డులో ఒక షాపుకి తీసుకెళ్లాను. అక్కడున్న పెద్దాయన తీగ వేసి, ఒకసారి మీటి, నా వైపు చూశారు. "దీంతోనా అండి నేర్చుకుంటున్నారు? దీనిమీద నేనే ఎఫ్ పట్టలేనండి!"

స్టీల్ స్కేల్ తీసి, 12వ ఫ్రెట్ దగ్గర లావు తీగకీ ఫ్రెట్‌కీ మధ్య ఖాళీ కొలిచారు. 4 మిల్లీమీటర్ల పైనే ఉంది. "రెండున్నర ఉంటే చాలండి" అన్నారు.

ఎందుకలా అవుతుందో మనకి తెలియని విషయమేం కాదు. స్టీల్ తీగలు ఆరూ కలిపి దాదాపు 70 కిలోల బరువంత బలంతో గిటార్ మెడని లాగుతుంటాయి. చెక్క ఏళ్ల తరబడి అలా లాగించుకుంటే మెల్లగా వంగుతుంది. క్రీప్ గురించి ఎగ్జామ్‌లో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. నా మంచం పక్కనే జరుగుతుంటే కనిపెట్టలేకపోయాను. ఆయన ట్రస్ రాడ్ తిప్పి, శాడిల్‌ని ఎమరీ పేపర్ మీద అరగదీసి, నట్ గాళ్లు కాస్త లోతు చేశారు. 400 తీసుకున్నారు. ఆ రాత్రి ఎఫ్‌లో ఆరు తీగలకి నాలుగు మోగాయి.

అలాగని తప్పంతా గిటార్‌దేనా? కాదు. మిగతా రెండు తీగలూ మోగడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. జి నుంచి సి కి మారేటప్పుడు ఇప్పటికీ తడబడతాను. కానీ ఒక తేడా ఉంది. ఇప్పుడు జరిగే తప్పులు నావి, కాబట్టి ప్రాక్టీస్ చేస్తే తగ్గుతున్నాయి. ముందు జరిగినవి ఎంత ప్రాక్టీస్ చేసినా తగ్గేవి కావు.

ఈ సంగతి చెబుదామని మొదటి ఓనర్‌కి ఫోన్ చేశాను. ఇప్పుడు బెంగళూరులో జాబ్. అంతా విని, కాసేపు ఏం మాట్లాడలేదు. "కొన్నరోజు నుంచీ అంతే గట్టిగా ఉండేదిరా. ఆ తర్వాత నేను ఏదీ ముట్టుకోలేదు. ఫెస్ట్‌లో కీబోర్డ్‌కి పిలిచినా, మనకి రాదులే అని వెళ్లలేదు" అన్నాడు.

నాకు గిటార్ కంటే ఈ మాటే ఎక్కువ గుర్తుండిపోయింది. ఒక మిల్లీమీటరున్నర ఖాళీ ఒక మనిషికి తన గురించి తప్పు అభిప్రాయం ఇచ్చింది. ల్యాబ్‌లో రీడింగ్ తేడా వస్తే మనం ముందు ప్రోబ్ చూస్తాం, కనెక్షన్ చూస్తాం. మన విషయానికొచ్చేసరికి మాత్రం ఏమీ చెక్ చెయ్యకుండా "మనకి రాదు" అని రికార్డులో రాసేస్తాం. ఇంటర్ నుంచీ ర్యాంకులు చూసుకుని బతికిన అలవాటు కాబోలు. మొదటి నెలలో రాకపోతే ఇక ఎప్పటికీ రాదనుకుంటాం.

కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నా సలహా ఇది. ముందు ట్యూనర్ యాప్ పెట్టి శ్రుతి సరిచూసుకోండి. 12వ ఫ్రెట్ దగ్గర ఖాళీ కొలవండి. ఎక్కువుంటే, తెలిసినవాళ్లకి చూపించండి. ఆదివారం మూడు గంటలు కాకుండా రోజూ ఇరవై నిమిషాలు వాయించండి. ఇవన్నీ చేశాక, కొన్ని నెలలు గడిచాక కూడా నచ్చకపోతే హాయిగా మానెయ్యండి. అది మీ ఇష్టం. "నాకిష్టం లేదు" అని మానెయ్యడంలో తప్పేం లేదు. "నాకు రాదు" అని మానేసే ముందే ఒకసారి ఆగండి.

వచ్చే ఏడాది నేనూ దీన్ని ఎవరో జూనియర్‌కి ఇచ్చేస్తాను. బ్యాగ్ జేబులో ఒక స్టీల్ స్కేల్ కూడా పెట్టి ఇస్తాను.