స్వప్నఫలమా? స్వప్నద్రష్టయా?

వికారాబాదు జిల్లా దోమ మండలపు పల్లెలలో గాని, తాండూరు ప్రాంతపు కందిచేల నడుమనున్న గ్రామములలో గాని, ఉదయమున ఆలయద్వారము తెరచునప్పటికే ఒకరిద్దరు అర్చకుని కొరకు వేచియుండుట క్రొత్త కాదు. వారిలో అర్చన చేయించుకొన వచ్చినవారు కొందరు, కల చెప్పుకొన వచ్చినవారు కొందరు. "అయ్యగారూ, రాత్రి కలల మా నాయిన వచ్చి బువ్వ అడిగిండు. ఏమైతదో ఏమో!" అని ఒక తల్లి వాపోవును. "పండ్లన్నీ రాలిపోయినట్టు కల వచ్చింది. ఇంట్ల ఎవరికన్న ఏమన్న అయితదా?" అని ఒక రైతు అడుగును. ఆ ముఖములలోని భయము నటన కాదు. దానికి సమాధానము చెప్పవలసిన ధర్మము అర్చకునకు కలదు. దానికి వెలకట్టు హక్కు మాత్రము ఎవరికిని లేదు.

నేడు జరుగుచున్నది ఆ వెలకట్టుటయే. పాము కనబడినచో ఇంత, దంతము రాలినచో ఇంత, పెండ్లి కనబడినచో మరణము, మరణము కనబడినచో పెండ్లి అని పట్టికలు అచ్చగుచున్నవి. అవియే నేడు చరవాణిలో వీడియోలుగా అరచేతికి వచ్చుచున్నవి. మొదట భయపెట్టుదురు, పిదప దోషమునకు ఒక పేరు పెట్టుదురు, ఆ పిదప తాయెత్తో, యంత్రమో, హోమమో, దానికొక సంభావనయో నిర్ణయింతురు. ఇంతయు శాస్త్రము పేరిట జరుగుచున్నది. కాని శాస్త్రము స్వప్నమును గూర్చి అడిగిన ప్రశ్న వేరు, ఈ వ్యాపారము అడుగు ప్రశ్న వేరు.

బృహదారణ్యకోపనిషత్తు చతుర్థాధ్యాయమున జనక మహారాజు యాజ్ఞవల్క్యుని అడిగినది పురుషునకు వెలుగు ఏది యని. సూర్యుడు, చంద్రుడు, అగ్ని, వాక్కు ఒక్కొక్కటిగా అస్తమించినప్పుడు మిగులు జ్యోతి ఆత్మయే యని మహర్షి ఉపదేశించెను. దానిని నిరూపించుటకే స్వప్నావస్థను చూపెను. అక్కడ రథములు లేవు, గుర్రములు లేవు, మార్గములు లేవు. ఐనను స్వప్నద్రష్ట వానినన్నిటిని తానే సృజించుకొని తన వెలుగుననే చూచుచున్నాడు. ఇది విని జనకుడు వేయి గోవులను సమర్పించి, ఇంకను పైమాట, మోక్షమునకు పనికివచ్చు మాట చెప్పుమని కోరెను. కలలో రథము కనబడినచో ఫలమేమని అడుగలేదు. రథమును జూచినవాడు ఎవడు అన్నదే ఆ సంవాదమునకు ప్రాణము. మాండూక్యోపనిషత్తు పండ్రెండు మంత్రములలో నాలుగు పాదములను బోధించుచు రెండవ పాదమైన తైజసుని చెప్పినదియు ఇందుకే. గౌడపాదాచార్యులు వైతథ్య ప్రకరణమున స్వప్నమును దృష్టాంతముగా గైకొని జాగ్రత్ప్రపంచపు సత్యత్వమునే ప్రశ్నించిరి. ఇంతటి దివ్యదీపమును చేతబట్టుకొని, దానితో పాము ఎటునుండి ఎటు పోయినదో వెదకుట ఎంతటి దైన్యము!

ఇచట ఒక ఆక్షేపము వచ్చును, అది తేలికగా త్రోసివేయదగినది కాదు. "బ్రహ్మసూత్రములే స్వప్నమునకు సూచకత్వమును అంగీకరించినవి గదా, ఛాందోగ్యములో స్వప్నదర్శనమును బట్టి కర్మసిద్ధిని గ్రహింపుమని చెప్పబడినది గదా" యని వ్యాపారపక్షమువారు అందురు. నిజమే, అంగీకరించినవి. కాని అవి ఏమి చెప్పినవో పూర్తిగా చూడవలెను. తృతీయాధ్యాయ ద్వితీయపాదారంభమున సూత్రకారుడు మొదట స్వప్నసృష్టి మాయామాత్రమని తేల్చి, ఆ తరువాతనే సూచకత్వమును ఒప్పుకొనెను. సూచింపబడు విషయము సత్యమైనను సూచించు దృశ్యము మిథ్యయే యని భాష్యకారుల నిర్ణయము. ఇక ఛాందోగ్యమున ఆ సూచన ఎవరికి? కామ్యకర్మను తానే ఆచరించుచు, నియమముతో అగ్నిచెంత శయనించిన కర్తకు. అది ఆతని కర్మకు, ఆతని నియమమునకు సంబంధించినది. బస్సులో కునుకుపట్టినవానికి వచ్చిన ప్రతి కలకును ఊరివారందరికి చెల్లు ఫలము ఆ మంత్రములో లేదు.

వైద్యశాస్త్రము ఇంకను స్పష్టముగా చెప్పినది. చరకసంహిత ఇంద్రియస్థానము పంచమాధ్యాయమున స్వప్నములు ఏడు విధములు. చూచినది, విన్నది, అనుభవించినది, కోరినది, ఊహించినది, భావిసూచకము, దోషజము అని వాని లెక్క. ఇందు మొదటి ఐదును నిష్ఫలములని చరకుని సిద్ధాంతము. పగటికలలు, మిక్కిలి చిన్నవి, మిక్కిలి దీర్ఘమైనవియు నిష్ఫలములే. అనగా కలలకు ఫలము కలదని ఒప్పుకొన్న శాస్త్రమే అధికభాగమును మొదటనే తీసివేసినది. ఆ జల్లెడ పట్టకుండ ప్రతి కలకును పరిహారము చెప్పువాడు శాస్త్రమును అనుసరించుట లేదు, అమ్ముకొనుచున్నాడు. పాశ్చాత్యులలో స్వప్నవ్యాఖ్యానమునకు ప్రసిద్ధుడైన ఫ్రాయిడ్ సైతము, 1899లో వెలువడి 1900 సంవత్సరపు ముద్రతో వచ్చిన తన గ్రంథమున, ఒకే దృశ్యము వేర్వేరు మనుష్యులకు వేర్వేరు అర్థముల నీయవచ్చునని చెప్పి, అందరికి ఒకే పట్టిక చాలదనెను.

పట్టిక ఎంతగా మోసపుచ్చునో సుందరకాండయే చూపినది. అశోకవనమున శింశుపావృక్షముపై హనుమంతుని జూచి సీతామాత మొదట ఉలికిపడెను. కలలో వానరదర్శనము శాస్త్రనిషిద్ధము, అశుభము గదా యని భయపడి, రామలక్ష్మణులకును తన తండ్రి జనకునకును క్షేమము కలుగుగాక యని కోరుకొనెను. ఆ వెంటనే ఆ తల్లి ఆలోచించెను. శోకపీడితనైన నాకు నిద్రయే లేదు, నిద్ర లేనప్పుడు ఇది కల యెట్లగునని. పట్టిక ప్రకారము అశుభమైన ఆ వానరుడే రామముద్రికను తెచ్చిన దూత! లంకలో ఆమెకు అంతకంటె శుభవార్త మరొకటి రాలేదు. సీతామాత స్వప్నఫలమునకు బెదరి మొగము త్రిప్పుకొనియున్నచో కథ ఏమగును? ఆమెను రక్షించినది విచారణ.

ఆ కాండలోనే త్రిజట కల కలదు. శ్రీరాముడు మహాగజముపై వచ్చుట, రావణుడు గాడిదల రథమున దక్షిణదిశకు పోవుట ఆమె చూచెను. చూచి ఏమి చేసెను? శాంతి చేయింపలేదు. సీతను బాధించుట మానుడని, ఆమెను శరణు వేడుడని తోటి రాక్షసస్త్రీలను మందలించెను. ఆమె కల ఆమెకే ఒక కర్తవ్యమును చూపినది. సద్భావముతో కూడిన కలకు లక్షణము ఇదియే.

మన తెలుగునేలపై ప్రసిద్ధములైన కలలును ఇట్టివే. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో శ్రీకాకుళమున ఆంధ్రమహావిష్ణువును సేవించి, హరివాసరమున ఉపవసించి, ఆ రాత్రి తుదిజామున స్వామిని కలగనెను. స్వామి ఆయనకు నిధి చూపలేదు, గోదాకల్యాణమును తెలుగున రచింపుమని పని అప్పగించెను. ఆ పనికి ఫలమే ఆముక్తమాల్యద. భద్రగిరిలో పోకల దమ్మక్కకు కలలో రాముడు పుట్టలోని మూర్తులను తెలిపెనని స్థలపురాణము. ఆ గిరిజనమాత పుట్టను నీటితో కరగించి, మూర్తులను వెలికిదీసి, తాను తెచ్చిన పండ్లు నివేదించి సేవించెను. కల చెప్పి ఎవరియొద్దను ఒక్క కాసైన అడిగినట్లు ఏ కథలోను లేదు.

కావున ఒక కొలబద్ద దొరకుచున్నది. కలగన్నవానిపై బాధ్యతను మోపు కల వినదగినది. కలగన్నవాడు లేదా చెప్పువాడు ఇతరులపై భారము మోపుటకు వాడుకొను కల విడువదగినది.

రెండవ కోవకు దృష్టాంతము దూరమున లేదు. 2013 అక్టోబరులో ఉత్తరప్రదేశ్ ఉన్నావ్ జిల్లా డౌండియాఖేడాలో ఒక సాధువు, 1857 తిరుగుబాటు నాటి రాజా రావు రాంబక్ష్ సింగ్ కలలో కనబడి వేయి టన్నుల బంగారము చెప్పెనని ప్రకటించెను. భారత పురావస్తు శాఖ త్రవ్వినది, దేశమంతయు చూచినది, బంగారము మాత్రము రాలేదు. అచట త్రవ్వినది ప్రభుత్వము. ఇక్కడ తెలంగాణ పల్లెలలో త్రవ్వువారు రాత్రివేళ వత్తురు. గుప్తనిధి కలలో కనబడినదని శిథిలాలయముల గర్భగుడులను పెకలింతురు, నందులను పగులగొట్టుదురు. కాకతీయుల నాటినుండి వర్షమునకు, ఎండకు ఓర్చిన శిల ఒకని కలకు ఓర్వలేకపోవుచున్నది. శివుడు తన నందిని పగులగొట్టుమని కలలో ఎవనికి చెప్పెను? పరుల పొలములో దేవుడు వెలసెనని కల చెప్పి గద్దె కట్టువారును ఈ కోవలోనివారే.

ఐనచో కలలన్నియు వ్యర్థములని కొట్టివేయవలెనా? అదియు తప్పే. పతంజలి సమాధిపాదమున స్వప్ననిద్రాజ్ఞానములను చిత్తస్థైర్యమునకు ఆలంబనములలో ఒకటిగా చెప్పెను. కలలపై ఆసక్తి సాధకునకు దోషము కాదు. తనలో దాగిన రాగమును, ద్వేషమును, భయమును పగలు కప్పిపుచ్చుకొన్నవాడు రాత్రి వానిని కండ్లార చూచును. ఆ కల ఆతనికి అద్దము. అద్దములో ముఖముపై మసి కనబడినచో తుడువవలసినది ముఖమును, అద్దమునకు హోమము చేయింపరు.

దుఃస్వప్నమునకు వేదము చూపిన పరిహారము అత్యంత సరళము. ఋగ్వేద పంచమమండలమున దుఃస్వప్నమును తొలగింపుమని సవితృదేవుని ప్రార్థించు మంత్రము కలదు. విష్ణుసహస్రనామములలో దుఃస్వప్ననాశనుడని స్వామికి ఒక పేరు. గజేంద్రమోక్ష శ్రవణము దుఃస్వప్నహరమని భాగవతము అష్టమస్కంధమున చెప్పినది, తెలుగువారి ఇండ్లలో అది పోతనగారి పద్యములుగా నోటికి వచ్చును. లేచి, కాళ్లు చేతులు కడుగుకొని, తూర్పునకు తిరిగి నమస్కరించి, నామము చెప్పుకొనుట. ఇందులో ఎవరికిని రూపాయి ఇచ్చు పని లేదు. అందుకే కాబోలు దీనిని ఎవరును ప్రచారము చేయుట లేదు.

తండ్రిని కలగన్న ఆ తల్లికి అర్చకుడు చెప్పవలసినది ఇంతే. అమ్మా, నీవు నాయనను మరువలేదు, అది మంచిదే. తిథినాడు ఆబ్దికము సక్రమముగా జరుగునట్లు చూడుము, ఆకలిగొన్న ఒకరికి నాయన పేర అన్నము పెట్టుము, భయపడకుము. దంతముల కలకు బెదరిన రైతునకు చెప్పవలసినది, ఇంటివారి క్షేమము ఒకసారి విచారించుకొని నిశ్చింతగా చేనికి పొమ్మని. రాత్రిరాత్రియు పీడకలలతో నిద్రపట్టనివానిని వైద్యునియొద్దకు పంపవలెను. దోషజమని చరకుడు పేరుపెట్టినది శరీరదోషమునే. అట్టివానికి తాయెత్తు కట్టి చికిత్సను ఆలస్యము చేయుట పాపము. ఆ పాపములో పట్టిక చూచి చెప్పిన అర్చకునకును భాగము కలదు.

ఈ ప్రాంతమునకు సమీపముననే అనంతగిరి కలదు. మూసీనదికి జన్మస్థానమైన ఆ కొండలలో ముచుకుందుడు నిద్రించెనని, నదికి ముచుకుందా నామము అందువలననే కలిగెనని స్థలవిశ్వాసము. దశమస్కంధ కథలో ఆ రాజర్షి యుగముల కొలది నిద్రించెను. అంత దీర్ఘనిద్రలో ఎన్ని కలలు వచ్చియుండును? శుకమహర్షి వానిలో ఒక్కటియు చెప్పలేదు, పరీక్షిత్తు అడుగనులేదు. లేచిన పిదప ఎదుట ఎవరిని చూచెనో, చూచి ఏమి కోరెనో అదియే చెప్పబడినది. ఎదుట శ్రీకృష్ణుడు, కోరినది ఆ పాదసేవ మాత్రమే. అనంతపద్మనాభుని దర్శనమునకై ఆ కొండనెక్కు భక్తులు రాత్రి వచ్చిన కలను క్రిందనే విడిచి, మేల్కొన్నవారై ఎక్కుదురుగాక.