అమ్మ నవ్వడం లేదు

తల్లీబిడ్డల బొమ్మ కనిపిస్తే చాలు, "ఆహా, ఏమి శాంతం! ఏమి వాత్సల్యం!" అనెయ్యడం మనవాళ్ళకి అలవాటైపోయింది. ఆ ముఖంలో నిజంగా ఏముందో చూసేవాళ్ళు తక్కువ.

రఫేల్ గీసిన 'సిస్టీన్ మడోన్నా' సంగతే తీసుకోండి. ఇటలీలో పియాచెంజా అనే ఊళ్ళోని శాన్ సిస్తో చర్చి కోసం పోప్ రెండో జూలియస్ 1512లో గీయించిన చిత్రం అది. 1754లో జర్మనీలోని డ్రెస్డెన్ చేరింది. ఆకుపచ్చ తెరలు పక్కకి తొలిగాయి. మబ్బుల మీద వట్టికాళ్ళతో నడిచి వస్తోంది మరియ, చేతుల్లో బాలయేసు. అడుగున పిట్టగోడ మీద చేతులానించుకుని పైకి చూస్తున్న ఇద్దరు రెక్కల పిల్లలు.

ఆ పిల్లల్ని మీరెరుగుదురు. గ్రీటింగు కార్డుల మీదా, దిండు గలీబుల మీదా వాళ్ళే! తల్లిని కత్తిరించి పారేసి వాళ్ళని మాత్రం అమ్ముకున్నారు. ఎందుకంటారా? పిల్లలు ముద్దొస్తారు. తల్లి కళ్ళు మాత్రం మనల్ని సుఖంగా ఉండనివ్వవు.

నిదానించి చూడండి. ఆమె నవ్వడం లేదు. కళ్ళు పెద్దవి చేసుకుని ఎదురుగా దేన్నో చూస్తోంది. బిడ్డ ముఖంలోనూ అల్లరి లేదు, బెదురుంది. చర్చిలో ఈ చిత్రానికెదురుగా శిలువ ఉండేదనీ, ఇద్దరూ చూస్తున్నది దాన్నేననీ కొందరు కళాచరిత్రకారులు అంటారు. పసివాణ్ణి ఎత్తుకున్న సిమియోను అనే వృద్ధుడు, నీ హృదయంలో ఖడ్గం దిగుతుందని ఈ తల్లితో చెప్పినట్టు లూకా సువార్తలోనే ఉంది. అది విన్న తల్లికి భయం ఉండదూ?

"అబ్బే, ఆవిడ దేవమాత. భయమేమిటి? అది త్యాగం" అంటారు పెద్దమనుషులు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. త్యాగం అన్న ఒక్క మాటతో తల్లి నోరు మూయించడం ఎంత తేలికో! పోతుందన్న భయం లేనిదాన్ని వదులుకుంటే అది త్యాగమెలా అవుతుంది? ఆమె బిడ్డని పొదువుకునే ఉంది, అయినా అడుగు ముందుకే వేస్తోంది. రఫేల్ గొప్పతనమంతా ఆ రెండూ ఒక్క మనిషిలో చూపించడంలోనే ఉంది.

ఎనిమిదేళ్ళకే తల్లిని పోగొట్టుకున్నవాడు, ముప్ఫై ఏళ్ళ పడుచువాడు, పూజకు పెట్టే పటంలోనే తల్లికి భయపడే హక్కు ఇచ్చాడు. మనమో, 'సహనమూర్తి' అన్న బిరుదిచ్చి ఆ హక్కు లాగేసుకుంటున్నాం.

ఎవరైనా ఈ బొమ్మ చూపించి "తల్లంటే ఇలా ఉండాలి" అంటే, "అవును, ఇలాగే కళ్ళు బాగా తెరుచుకుని ఉండాలి" అనండి.