నిమ్మతొక్క సీసా

ఎండలు ముదిరినవి. ఈ నెల ఈ శీర్షికకు వచ్చిన జాబులలో ఒకటి మిగతావాటికంటె వేరుగా ఉన్నది. "మా అబ్బాయి ఇటలీ నుంచి వస్తూ పసుపుపచ్చని సీసా ఒకటి తెచ్చినాడు. నిమ్మ షర్బత్తు అనుకొని పేరంటానికి వచ్చినవారికి పోయబోయినాను. కోడలు పరుగున వచ్చి చేయి పట్టుకొన్నది. అసలిది ఏమిటి? ఎట్లా వాడుతారు?" అని సంఘ సభ్యురాలు ఒకామె అడిగినారు. కుటుంబ పత్రికలో ఈ గొడవ ఎందుకని కొందరు పెద్దలు కనుబొమలు ముడుస్తారేమో! తాగమని నేను చెప్పబోవడం లేదు, వద్దని ఉపన్యాసమూ ఇవ్వను. పిల్లలు దేశాలు తిరిగివస్తున్న రోజులివి. సీసా ఇంట్లోకి వచ్చినాక దాని సంగతి ఇంటివారికి తెలియకపోతే మాత్రం చిక్కే.

ఆ సీసా పేరు లిమొంచెల్లో. నేపుల్సు నగరానికి దక్షిణంగా సముద్రంలోకి చొచ్చుకొనిపోయిన సొరెంటో ద్వీపకల్పం, దాని దక్షిణపు అంచున అమాల్ఫీ తీరం, ఎదురుగా కాప్రీ ద్వీపం. ఈ మూడు చోట్లవారూ "మొదట మాదే" అని వాదులాడుకొంటారు. ఆ తగవు తీర్చడం మనవల్ల కాదు. కాప్రీకి చెందిన మాసిమో కనాలే అనే వ్యాపారి 1988లో ఆ పేరును తన వ్యాపార చిహ్నంగా రిజిస్టరు చేయించుకొన్నాడన్నది మాత్రం కాగితం మీద ఉన్న సంగతి. గుమాస్తావాడిని గనుక నాకు కాగితమే ప్రమాణం.

అక్కడి కొండలు నిటారుగా సముద్రంలోకి దిగుతాయి. రాతిగోడలు కట్టి, మెట్లు మెట్లుగా మడులు చేసి, కర్రల పందిళ్ల కింద నిమ్మచెట్లను పెంచుతారు. బండి పోయే దారి ఉండదు. పూర్వం ఆడవాళ్లే యాభై కిలోలకు మించిన కాయల బుట్టలను భుజాన మోసుకొని ఆ మెట్లు దిగేవారట. చీమల బారువలె కనబడేవారని వారిని "చిట్టి చీమలు" అని పిలిచేవారు. పిలుపు ముద్దుగానే ఉన్నది, మోత ముద్దుగా ఉండి ఉండదు. అమాల్ఫీ తీరాన్ని యునెస్కో 1997లో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. మన గద్వాల చీరెకు, బందరు లడ్డుకు ఉన్నట్లే సొరెంటో నిమ్మకు 2000లోను, అమాల్ఫీ నిమ్మకు 2001లోను ప్రాంతపు గుర్తింపు వచ్చింది. ఇంత చేసినా ఆ మడులలో యంత్రాలు పనిచేయవు, కూలి ఖర్చు పెద్దది. గిట్టుబాటు కాక తోటను వదిలేస్తే గోడలు కూలుతాయి, వానకు కొండ జారుతుంది. ఆ సీసాకు పెట్టిన ధరలో ఈ గోడల కూలి కూడా కొంత ఉన్నదనుకోవాలి.

ఇక అసలు కిటుకు. ఈ పానీయంలో నిమ్మరసం చుక్క కూడా పడదు. అంతా తొక్కే. గూడూరు నుంచి వచ్చే మన నిమ్మకాయ పలుచని తొక్కది, గుండ్రనిది, పులుపే దాని ప్రాణం. ఇటలీ కాయ జాతి వేరు. అది పెద్దది, కోలగా ఉంటుంది, తొక్క మందం. ఆ తొక్క పైపొరలోని చిన్న చిన్న తిత్తులలో సువాసన తైలం నిండి ఉంటుంది. పసుపు పొరను మాత్రం కత్తితో పలుచగా చెక్కి తీస్తారు. కింద తెల్లని గుజ్జు అంటుకొన్నదా, సీసా అంతా చేదే.

ఎనిమిది పది కాయల తొక్కను, నూటికి 95 పాళ్లు బలముండే ఆహారపు స్పిరిటు ఒక లీటరులో వేసి, గట్టి మూతపెట్టి చీకటిలో వారం పది రోజులుంచుతారు. తొక్క వెలవెలబోయి పెళుసెక్కుతుంది, రంగూ వాసనా స్పిరిటులోకి దిగుతాయి. 800 గ్రాముల చక్కెరను లీటరున్నర నీళ్లలో కాచి, పూర్తిగా చల్లార్చి, వడకట్టిన స్పిరిటులో కలుపుతారు. అప్పటిదాకా తేటగా ఉన్నది ఒక్కసారిగా మబ్బుపట్టినట్టు అవుతుంది. పాడైనదని పారబోయకూడదు. తైలం స్పిరిటులో కరుగుతుంది గాని నీళ్లలో కరగదు. నీళ్లు తగలగానే సన్నని బిందువులుగా విడిపోయి వెలుతురును చెదరగొడుతుంది. అదే ఆ పాలపసుపు రంగు. మొత్తం సుమారు మూడు లీటర్లు వస్తుంది, బలం నూటికి 30 పైచిలుకు. ఫ్రీజరులో పెట్టినా చిక్కబడుతుందే గాని గడ్డకట్టదు. భోజనమైనాక చిన్న గ్లాసులో చప్పరిస్తారు.

ఇక్కడ ఒక మాట కాస్త గట్టిగానే చెప్పాలి. ఇటలీలో ఆ స్పిరిటు పచారీ కొట్లోనే దొరుకుతుంది, అది తాగడానికి పనికివచ్చేదే. మన ఊళ్లలో రంగుల కొట్లో, ఇనప సామాను కొట్లో "స్పిరిటు" అని అమ్మేది అది కాదు. అందులో మిథైలు ఆల్కహాలు కలిసి ఉండవచ్చు. అది కంటిచూపు తీస్తుంది, ప్రాణమూ తీస్తుంది. వాసనలో తేడా తెలియదు. వడకట్టినా, నిమ్మతొక్క వేసినా విషం పోదు. ఇటలీలోనే 1986లో అది కలిసిన ద్రాక్షసారాయి తాగి 23 మంది పోయినారు. మన తమిళనాట కళ్లకురిచ్చిలో 2024 జూనులో అరవై మందికి పైగా బలి అయినారు. చేసి చూడాలన్న సరదా ఉన్నవారు లైసెన్సు దుకాణంలో బిల్లు తీసుకొని కొన్న వోడ్కాతోనే చేయాలి. దాని బలం 42.8 పాళ్లే గనుక తొక్క రెండు మూడు వారాలు నానాలి. 750 మిల్లీలీటర్లకు పావుకిలో చక్కెర, పావులీటరు నీళ్లు చాలు. ఇటలీ సరుకంత ఘాటు రాదు.

వేసవిలో దీనిని వట్టిగా తాగక, స్ప్రిట్స్ అనే పద్ధతిలో కలుపుతారు. పెద్ద గ్లాసు నిండా ఐసుముక్కలు, 60 మిల్లీలీటర్ల లిమొంచెల్లో, 90 మిల్లీలీటర్ల ప్రొసెక్కో అనే పొంగే తెల్ల ద్రాక్షసారాయి, పైన 30 మిల్లీలీటర్ల సోడా. ఒక నిమ్మచక్రం, రెండు పుదీనా ఆకులు. సోడా చివర పోసి ఒక్కసారి మాత్రమే తిప్పాలి, లేకుంటే పొంగు చచ్చిపోతుంది.

చూడ్డానికి ముచ్చటే. నాకున్న లెక్కల జబ్బు కొద్దీ లెక్క కట్టి చూసినాను. 60లో నూటికి 30 చొప్పున 18, ప్రొసెక్కో 90లో నూటికి 11 చొప్పున దగ్గర దగ్గర 10, వెరసి 28 మిల్లీలీటర్ల ఆల్కహాలు. మన దుకాణపు విస్కీ 30 మిల్లీలీటర్ల పెగ్గులో ఉండేది 13కు తక్కువే. అంటే ఆ షర్బత్తు గ్లాసు ఒక్కటి రెండు పెగ్గులకు పైమాటే! తీపీ చలువా కలిసి ఆ సంగతిని నాలుకకు తెలియనివ్వవు. రెండో గ్లాసు అడిగేవాడు ఈ కూడిక చూసి అడగాలి. స్కూటరు మీద వచ్చినవాడికి మొదటిదీ ఇవ్వకూడదు. నిద్రమాత్రలు వేసుకొనేవారు ముట్టనే రాదు.

అంతకంటె భయపడవలసింది పిల్లల గురించి. ఐసుపెట్టెలో పసుపుపచ్చని తీపి నీళ్లు కనబడితే ఏ పిల్లవాడు ఆగుతాడు? పెద్దలకు చిన్న గ్లాసు అయినది చిన్నపిల్లలకు ఆస్పత్రి పని. సీసా మీద తెలుగులోనూ, పిల్లలు చదివే భాషలోనూ పెద్ద అక్షరాలతో చీటీ అంటించి, తాళమున్న బీరువాలో పెట్టండి. చల్లగా లేకపోయినా చెడిపోదు. కావలసిననాడు ఐసులో పెట్టుకోవచ్చును.

మద్యం పొసగనివారికి తొక్క రుచి అందదని కాదు. ఆరు నిమ్మకాయలను గోరువెచ్చని ఉప్పునీళ్లలో రుద్ది కడిగి, తడి తుడిచి, పైపొరను మాత్రం కోరండి. సగం దబ్బకాయ పైతొక్క దొరికితే మరీ మంచిది. దానిని 200 గ్రాముల చక్కెరతో చేత్తో బాగా నలిపి, మూతపెట్టి రాత్రంతా ఉంచితే చక్కెరే తైలాన్ని లాక్కొని తడిసి ముద్దవుతుంది. పొద్దున రెండు కాయల రసం, అరగ్లాసు నీళ్లు పోసి కరిగించి వడకట్టండి. గ్లాసులో రెండు మూడు చెంచాలు, ఐసు, పైన సోడా. సోడా బదులు పలుచని మజ్జిగ పోస్తే ఎట్లా ఉంటుందని అడగకండి, పోసి చూసినవారు మా ఇంట్లో ఉన్నారు, ఇంకా మాట్లాడడం లేదు. తొక్క నలిపిన చేతిని సబ్బుతో కడుక్కొనక ఎండలోకి పోరాదు, ఆ తైలం మీద ఎండ తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది.

తొక్క తీసిన కాయలు రెండు రోజులలో ఎండిపోతాయి. మిగిలిన నాలుగింటినీ ఆ పూటే పిండి చిత్రాన్నం కలిపేయండి.